పెద్ద నెగటివా, చేతిలో ఇమిడే కెమెరానా?

ఫొటోగ్రఫీ శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ విడత అందిన ఉత్తరాలలో చాలావాటిది ఒకటే సందేహం. ఫిల్మ్ మీద ఫొటోలు తీయడం కొత్తగా మొదలుపెట్టాలనుకుంటున్నవారూ, ఎప్పుడో వదిలేసిన అలవాటును తిరిగి చేపట్టదలచినవారూ 120 రోలు పట్టే మీడియం ఫార్మాట్ కెమెరా కొనాలా, లేక 35 ఎంఎం ఫిల్మ్‌తో పనిచేసే చిన్న రేంజ్‌ఫైండర్ (చూసేచోట కనిపించే రెండు బొమ్మలను ఒకటిగా కలిపి ఫోకస్ చేసే కెమెరా) కొనాలా అని అడుగుతున్నారు. వాటిలో ఐదు ఉత్తరాలను ఎంచుకుని, మొదటిదానికి కొంచెం విపులంగా జవాబు రాస్తున్నాము. మిగిలిన జవాబులకు అదే పునాది కనుక పాఠకులు వరుసగా చదవవలసిందిగా కోరుతున్నాము.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. సెలవు రోజుల్లో ఉప్పాడ పరిసరాల చేనేత ఇళ్ళకు వెళ్ళి, మగ్గం మీద పనిచేస్తున్నవారిని నలుపు తెలుపు ఫిల్మ్ మీద చిత్రించాలని కోరిక. నాకు తెలిసిన దుకాణంలో 120 రోలు పట్టే జంట లెన్సుల యాషికా మ్యాట్ 124జి ఒకటి, 35 ఎంఎం రేంజ్‌ఫైండర్ కేనన్ కానొనెట్ క్యూఎల్17 జి-3 ఒకటి ఉన్నాయి. ఒక్కటే కొనగలను. నెగటివ్ పెద్దదైతే బొమ్మ నాణ్యంగా వస్తుందని అందరూ యాషికా వైపే మొగ్గు చూపుతున్నారు. మీరేమంటారు?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు చెప్పిన పనికి కానొనెట్ కొనండి. అందరూ చెబుతున్న మాటలో అబద్ధం లేదు గాని, అది ఏ పరిస్థితుల్లో నిజమో ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. ఆ పరిస్థితులు మగ్గం గదిలో ఉండవు.

ముందుగా పెద్ద నెగటివ్ బలం ఎంతో చూద్దాం. 35 ఎంఎం ఫిల్మ్ మీద ఒక్కో బొమ్మ 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. యాషికా మ్యాట్ తీసే చదరపు బొమ్మను వాడుకలో 6×6 అంటారు గాని, నెగటివ్ మీద కొలిస్తే అది సుమారు 56 మిల్లీమీటర్ల చదరం. వైశాల్యంలో మొదటిదానికి రెండోది మూడున్నర రెట్లకు పైనే. ఒకే ఫిల్మ్‌ను రెండు కొలతల్లోనూ వాడి, ఒకే పరిమాణంలో ప్రింటు వేయిస్తే, పెద్ద నెగటివ్‌ను తక్కువ రెట్లు పెంచితే చాలు కనుక గ్రెయిన్ (ఫిల్మ్ మీది రేణువులు) సన్నగా, చర్మపు ఛాయలు ఒకదానిలోంచి ఒకటి మెల్లగా మారుతున్నట్టుగా, నూలు పోగులు విడివిడిగా కనబడతాయి. ఈ తేడా కంటికి స్పష్టంగా తెలిసేదే, నేను దాన్ని తక్కువ చేయడం లేదు.

అయితే పై వాక్యంలో ‘ఒకే ఫిల్మ్‌ను వాడి’ అన్న షరతు ఉన్నది చూడండి. వెలుతురు తక్కువై, మనిషి చేతులు కదులుతున్నప్పుడు ఆ షరతు నిలవదు. యాషికా మ్యాట్‌లో బొమ్మ తీసే లెన్స్ ఫోకల్ లెంగ్త్ 80 ఎంఎం, దాని గరిష్ఠ ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఎఫ్ 3.5. కానొనెట్ లెన్స్ 40 ఎంఎం, దాని గరిష్ఠ ఎపర్చర్ ఎఫ్ 1.7. ఈ రెండు ఎపర్చర్ల మధ్య రెండు స్టాపుల తేడా ఉంది (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపవుతుంది), అంటే కానొనెట్ నాలుగు రెట్లు వెలుతురును లోపలికి తీసుకుంటుంది. ఒక్క కిటికీయో, తెరిచిన తలుపో తప్ప వేరే ఆధారం లేని గదిలో ఐఎస్‌ఓ 400 (ఐఎస్‌ఓ అంటే ఫిల్మ్ వెలుతురును పట్టే వేగం) ఫిల్మ్‌తో కానొనెట్‌కు 1/60 సెకను చాలుననుకుందాం. అదే వెలుతురులో అదే ఫిల్మ్‌తో యాషికాకు 1/15 సెకను కావాలి. మెడలో పట్టీని బిగువుగా లాగి, ఊపిరి బిగబట్టి కెమెరాను 1/15 దగ్గర కదలకుండా పట్టుకోగలిగినవారు ఉండవచ్చు. కాని నేతగాడి చేతులు మనకోసం ఆగవు కదా. నాడె (అడ్డపోగును మోసే కండె) విసిరే చెయ్యి, పన్నె (పోగును బిగించే దువ్వెన) లాగే చెయ్యి 1/15 సెకనులో చెరిగిపోయి, పని ఎక్కడ జరుగుతోందో సరిగ్గా అక్కడే బొమ్మ పాడవుతుంది. 1/60 కూడా నాడెను ఆపలేదు గాని, ముఖాన్నీ, జాందానీ బుటా పెడుతున్న వేళ్ళనూ నిలబెట్టగలదు.

మరి యాషికాతోనూ 1/60 కావాలంటే ఐఎస్‌ఓ 400 ఫిల్మ్‌ను 1600గా లెక్కగట్టి, కడిగేటప్పుడు ఎక్కువసేపు ఉంచాలి. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, కోడాక్ ట్రై-ఎక్స్ వంటివి దీన్ని తట్టుకుంటాయి. కాని అలా చేసినప్పుడు గ్రెయిన్ ముతకబారుతుంది, నీడల్లోని వివరాలు పోతాయి. అంటే పెద్ద నెగటివ్ వల్ల వచ్చిన లాభంలో చాలా భాగాన్ని ఆ వేగం కోసం వెచ్చించి, చివరికి కానొనెట్ బొమ్మకు కొంచెం అటూ ఇటూగా ఉండే చోటికే చేరతాము. పెద్ద నెగటివ్ కోసం రూపాయలే కాదు, వెలుతురు కూడా చెల్లించాలన్న సంగతి ధరలు పోల్చి చూసేవారికి తట్టదు.

మీడియం ఫార్మాట్ కెమెరాతో వెనుక భాగం అందంగా మసకబారుతుందని కూడా మీకు చెప్పి ఉంటారు. ఈ జంట విషయంలో అదీ నిలబడదు. రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషి మీద ఫోకస్ చేసి, ఎపర్చర్‌ను పూర్తిగా తెరిస్తే, 80 ఎంఎం ఎఫ్ 3.5 లెన్స్‌తో 6×6 మీద స్పష్టంగా వచ్చే లోతూ, 40 ఎంఎం ఎఫ్ 1.7 లెన్స్‌తో 35 ఎంఎం మీద వచ్చే లోతూ రెండూ సుమారు పావు మీటరే. లోతు సమానంగా ఉండగా కానొనెట్‌కు నాలుగు రెట్లు వెలుతురు అదనంగా దొరుకుతోందన్నమాట. పైగా ఇరుకు గదిలో వెనక్కి జరగడానికి చోటుండదు. కానొనెట్ అడ్డంగా సుమారు 48 డిగ్రీల మేర చూస్తే యాషికా 39 డిగ్రీలే చూస్తుంది. మగ్గం వెడల్పును బొమ్మలోకి తేవాలనుకున్నప్పుడు ఈ తొమ్మిది డిగ్రీలు చాలా విలువైనవి.

యాషికాకు న్యాయం చేయవలసిన చోటు కూడా ఉంది. గుంట మగ్గం దగ్గర నేతగాడు కాళ్ళు గోతిలో పెట్టుకుని కూర్చుంటాడు కనుక అతని కళ్ళు నేలకు చాలా దగ్గరగా ఉంటాయి. యాషికాను ఒడిలో పెట్టుకుని, పైనున్న అద్దంలోకి వంగి చూస్తూ తీయవచ్చు కాబట్టి, ఆ ఎత్తు నుంచి బొమ్మ తీయడం దానితో సులువు. మనం తల వంచుకుని ఉంటాము కనుక ఎదుటివారు తమ వంక గుచ్చి చూస్తున్నట్టు భావించరు. అద్దంలో కుడి ఎడమలు తారుమారుగా కనిపించడం మొదట్లో ఇబ్బంది పెట్టినా కొన్ని రోలులకు అలవాటైపోతుంది. మీ కోరికలో ప్రధాన భాగం పని జరుగుతున్న తీరు కాకుండా ఆ మనుషుల రూపమే అయితే, అంటే ఉదయపు వెలుతురులో అరుగు మీద ఒక పెద్దావిడను కూర్చోబెట్టి, కెమెరాను స్టాండు మీద నిలిపి, ఆమెతో మాట్లాడుతూ తీయదలిస్తే, నా సలహా మారిపోతుంది. అక్కడ ఐఎస్‌ఓ 100 ఫిల్మ్ వేసి, ఎఫ్ 8 దగ్గర 1/15 పెట్టినా నష్టం లేదు, పెద్ద నెగటివ్ లాభమంతా పూర్తిగా దక్కుతుంది. మీ ఉత్తరంలో ‘పనిచేస్తున్నవారిని’ అని రాశారు కనుకనే కానొనెట్ అన్నాను.

ఖర్చు సంగతి క్లుప్తంగా చెబుతాను. 120 రోలులో యాషికాతో 12 బొమ్మలు, 35 ఎంఎం రోలులో 36 బొమ్మలు వస్తాయి. ఒకే రకం ఫిల్మ్ అయితే రోలు ధరలోనూ, కడిగే ఖర్చులోనూ పెద్ద తేడా ఉండదు కాబట్టి యాషికాతో ఒక్కో బొమ్మకు సుమారు మూడు రెట్లు ఖర్చవుతుంది. ఇంట్లో కడుక్కోదలిస్తే, ఫిల్మ్ చుట్టే చక్రం వెడల్పు మార్చుకోగల ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి కొంటే రెండు కొలతల ఫిల్మ్‌కూ సరిపోతుంది.

ప్రశ్న: నేను ఫొటోగ్రఫీ చదువుతున్న విద్యార్థిని. 35 ఎంఎం నేర్చుకునే దశకే పరిమితమనీ, ప్రదర్శనకు పెట్టదగిన పని చేయాలంటే మీడియం ఫార్మాట్ తప్పదనీ తోటి విద్యార్థులు అంటున్నారు. నా దగ్గర ఒలింపస్ 35 ఆర్‌సీ ఉంది. దాన్ని అమ్మి మీడియం ఫార్మాట్‌కు మారాలా?
— ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: అమ్మవద్దు. మీ స్నేహితుల మాట చరిత్రకు నిలబడేది కాదు. మన దేశంలోనే, స్వాతంత్ర్యం వచ్చిన నాటి ఢిల్లీలో పత్రికా ఫొటోగ్రాఫర్ హోమై వ్యారవాలా 120 రోలు పట్టే రోలైఫ్లెక్స్‌తో, అంతకన్నా పెద్దదైన స్పీడ్ గ్రాఫిక్‌తో పత్రికల కోసం పనిచేశారు. 1948లో అదే నగరంలో గాంధీజీ అంతిమయాత్రను ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెసాన్ చిన్న లైకాతో, 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశాడు. ఇద్దరి చిత్రాలూ నేటికీ ప్రదర్శనశాలల గోడల మీద ఉన్నాయి. వాటి ముందు నిలబడ్డవారెవరూ నెగటివ్ కొలత చూసి విలువ కట్టడం లేదు. ఒకరి పద్ధతి నిలబడి, చట్రం కూర్చుకుని తీయడం, మరొకరిది జనంలో కలిసిపోయి తీయడం. కెమెరాలు ఆ పద్ధతులను అనుసరించి వచ్చాయి.

ఇక ప్రింటు పరిమాణం దగ్గర లెక్క వేసి చూసుకోండి, వట్టి అభిప్రాయాలతో పని ఉండదు. 16×20 అంగుళాల ప్రింటుకు 35 ఎంఎం నెగటివ్‌ను సుమారు 17 రెట్లు పెంచాలి. 6×6 నెగటివ్‌ను ఆ ఆకారానికి కత్తిరించి వాడినా 9 రెట్లు చాలు. ఈ కొలతలో తేడా గది అవతలి నుంచి కాకపోయినా, మూడడుగుల దూరం నుంచి కచ్చితంగా కనిపిస్తుంది. అదే 8×12 అంగుళాల ప్రింటు అయితే 35 ఎంఎంకు ఎనిమిదిన్నర రెట్లు మాత్రమే. మంచి లెన్స్, జాగ్రత్తగా చేసిన ఫోకస్, సరైన ఎక్స్‌పోజర్ ఉంటే ఆ ప్రింటులో లోపమేదీ వేలెత్తి చూపలేము. మీ లెన్స్ 42 ఎంఎం ఎఫ్ 2.8, అది ఎఫ్ 5.6 దగ్గర ఇచ్చే స్పష్టత ఈ ప్రింటుకు ధారాళంగా సరిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. చదరపు బొమ్మలో తీసి, తర్వాత దాన్ని అడ్డంగా పొడవైన బొమ్మగా కత్తిరించే అలవాటున్నవారు పెద్ద నెగటివ్ లాభంలో మూడో వంతు కోల్పోతారు. 6×6ను 2:3 నిష్పత్తికి కత్తిరిస్తే మిగిలేది సుమారు 37×56 మిల్లీమీటర్లు. అదీ 35 ఎంఎం కన్నా పెద్దదే, కాని అప్పుడు రోలుకు 16 బొమ్మలిచ్చే 6×4.5 కెమెరాయే నయం. చదరాన్ని చదరంగా చూడగలిగిన కన్ను ఉన్నవారికే 6×6 పూర్తిగా పనికివస్తుందని నా నమ్మకం.

స్కానింగ్ విషయంలో మాత్రం మీ స్నేహితుల వైపు ఒక బలమైన వాదన ఉంది. వారు దాన్ని వాడుకున్నట్టు లేదు. బల్ల మీద పెట్టే సామాన్య ఫ్లాట్‌బెడ్ స్కానర్‌తో 120 నెగటివ్ నుంచి ప్రింటుకు చాలినంత వివరం రాబట్టవచ్చు. అదే స్కానర్ 35 ఎంఎం నెగటివ్‌లోని వివరాన్ని పూర్తిగా పట్టలేదు. దానికి ప్రత్యేకమైన ఫిల్మ్ స్కానరో, మాక్రో (అతి దగ్గర నుంచి తీసే) లెన్స్ తగిలించిన డిజిటల్ కెమెరాయో కావాలి. మీ కళాశాలలో ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను కాగితం మీదికి పెంచి చూపే యంత్రం) ఉండి, కాగితం మీద మీరే ప్రింటు వేసుకోగలిగితే ఈ చిక్కే ఉండదు. ఆ అవకాశం ఉన్నన్నాళ్ళూ దాన్ని పూర్తిగా వాడుకోండి. మీడియం ఫార్మాట్ రుచి తెలియాలనుకుంటే కళాశాల కెమెరాను గాని, తెలిసిన స్టూడియోవారిది గాని అడిగి, ఒకే వ్యక్తిని ఒకే వెలుతురులో రెండింటితోనూ తీసి, ఒకే కొలతలో ప్రింట్లు వేసి పక్కపక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: నేను అమెరికాలోని న్యూజెర్సీలో ఉంటున్నాను. ఏటా కృష్ణా జిల్లాలోని మా ఊరికి వస్తాను. అమ్మానాన్నల చిత్రాలూ, ఊరి చిత్రాలూ పెద్ద నెగటివ్ మీద తీయాలనుంది, కాని బరువు మోయలేను. మీడియం ఫార్మాట్‌లోనే రేంజ్‌ఫైండర్లు ఉన్నాయి కదా. మామియా 7 కొంటే రెండు లాభాలూ ఒకేచోట దొరుకుతాయా?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: చాలావరకు దొరుకుతాయి. 1995లో వచ్చిన మామియా 7, 80 ఎంఎం లెన్స్‌తో కలిపి రమారమి 1.2 కిలోలే ఉంటుంది. స్టూడియోలలో పేరుపొందిన మామియా ఆర్‌బీ67 బరువులో అది సగం కూడా కాదు, అయినా నెగటివ్ కొలత అదే 6×7. లోపల పైకి లేచే అద్దం లేదు కనుక కుదుపు లేదు, షట్టరు చప్పుడు దాదాపు వినిపించదు. పగటి వెలుతురులో ఊరు, చెరువుగట్టు, ఇల్లు, వాకిలి తీయడానికి దీనికన్నా మంచి చేతి కెమెరా చెప్పమంటే నాకు తోచదు.

అయితే మీరు మొదటగా పేర్కొన్నది అమ్మానాన్నల చిత్రాలను. అక్కడ ఈ కెమెరా హద్దులు తెలుసుకోవాలి. 80 ఎంఎం లెన్స్ గరిష్ఠ ఎపర్చర్ ఎఫ్ 4 మాత్రమే, ఒక మీటరు కన్నా దగ్గరకు ఫోకస్ కాదు. ముఖం నిండుగా రావాలంటే వీలుపడదు, నడుము పైనుంచి తీసే చిత్రం వరకే దాని చలవ. సాయంత్రం వేళ ఇంట్లో, ట్యూబ్‌లైటు వెలుతురులో తీయాలన్నా కష్టమే. పైన కాకినాడ పాఠకురాలికి రాసిన లెక్క మీకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. దీని షట్టరు పూర్తిగా ఎలక్ట్రానిక్, 6 వోల్టుల బ్యాటరీ లేకుండా నడవదు. తయారీ ఆగిపోయి చాలాకాలమైంది కనుక లోపలి సర్క్యూటు చెడిపోతే బాగుచేయగలవారు అరుదు. అంత ధర పోసి కొనేముందు ఈ ఒక్క సంగతిని బాగా ఆలోచించండి.

బ్యాటరీయే అక్కరలేనిది కావాలంటే ఫుజీ జీడబ్ల్యూ690 వరుసలోని కెమెరాలు ఉన్నాయి. 90 ఎంఎం ఎఫ్ 3.5 లెన్స్ దానికే బిగించి ఉంటుంది. లోపల వెలుతురు కొలిచే మీటరు లేదు, రోలుకు 8 బొమ్మలే వస్తాయి, మనిషి చేతిలో కాస్త భారీగా కనిపిస్తుంది. కాని అంతా యాంత్రికమే కనుక పాడైతే బాగుచేయించుకోవచ్చు. దాని అడుగున ఎన్నిసార్లు షట్టరు పడిందో చూపే చిన్న లెక్కపెట్టె ఉంటుంది. కొనేటప్పుడు అది చూసి బేరమాడవచ్చు. జేబులో పట్టాలంటే జైస్ సూపర్ ఇకోంటా, సోవియట్ కాలపు మాస్క్‌వా-5 వంటి మడత కెమెరాలలోనూ రేంజ్‌ఫైండర్ ఉంది. వాటిలో ముడతల తోలుతిత్తి మడతల దగ్గర సూదిమొన ఆకారంలో చిల్లులు పడుతుంది. చీకటి గదిలో లోపల టార్చి వెలిగించి, బయటి నుంచి మడతలన్నీ పరిశీలించకుండా కొనవద్దు.

మీరు విమానంలో వస్తారు కనుక ఇంకొక మాట. ఫిల్మ్‌ను ఎన్నడూ లగేజీలో వేసి పంపకండి, అక్కడి ఎక్స్‌రే తీవ్రత ఎక్కువ. చేతిసంచిలోనే, పెట్టెల్లోంచి తీసి పారదర్శకమైన సంచిలో పెట్టి, చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడగండి. కొన్ని విమానాశ్రయాలలో చేతిసంచులకు కూడా ఇప్పుడు సీటీ స్కానర్లు వచ్చాయి. వాటిలో ఒక్కసారి వెళ్ళినా ఫిల్మ్ మసకబారే ప్రమాదం ఉంది. కడగని రోలులను వెనక్కి మోసుకుపోకుండా, వీలైతే ఇక్కడే కడిగించుకుని నెగటివ్‌లతో బయలుదేరడం అన్నిటికన్నా క్షేమం.

ప్రశ్న: పాత కానొనెట్ గాని, యాషికా ఎలక్ట్రో 35 గాని కొనాలనుకుంటున్నాను. వీటికి కావలసిన బ్యాటరీలు ఇప్పుడు రావని విన్నాను. కొనే ముందు ఏమేమి పరీక్షించాలి?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రెండింటి బ్యాటరీ కథలు వేరు. కానొనెట్ మీటరును 1.35 వోల్టుల పాదరసపు సెల్ కోసం రూపొందించారు. పాదరసం విషం కనుక ఆ సెల్‌ల తయారీ ఆగిపోయింది. దాని బదులు అదే ఆకారంలో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్ వేస్తే, మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ వెలుతురు ఉందని భ్రమపడి, నెగటివ్‌లు పలచగా వస్తాయి. చెవి మిషన్లలో వాడే 675 నంబరు జింక్-ఎయిర్ సెల్ 1.4 వోల్టులు ఇస్తుంది. అది కొంచెం చిన్నది కనుక చుట్టూ రబ్బరు రింగు పెట్టి బిగించాలి, గాలి వెళ్ళే రంధ్రాలు మూసుకోకుండా చూడాలి. అతికించిన కాగితం తీసిన తర్వాత వాడినా వాడకపోయినా కొన్ని వారాలలో ఆరిపోతుంది, అయితే ధర తక్కువ. ఇవేవీ వద్దనుకుంటే కానొనెట్ షట్టరు యాంత్రికమే కనుక, బ్యాటరీ లేకుండానే ఎపర్చర్, వేగం రెండూ చేత్తో పెట్టుకుని తీయవచ్చు. ఫోనులోని లైట్ మీటర్‌తో కొలుచుకుంటే సరిపోతుంది.

యాషికా ఎలక్ట్రోకు ఆ వీలు లేదు. మీరు ఎపర్చర్ పెడితే వేగాన్ని అదే ఎంచుకుంటుంది. బ్యాటరీ లేకపోతే షట్టరు 1/500 దగ్గర మాత్రమే పడుతుంది. కాని దాని సర్క్యూటు వోల్టేజీలో చిన్న తేడాలను సహిస్తుంది కాబట్టి, చిన్న అడాప్టర్‌తో 6 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ వేస్తే చక్కగా పనిచేస్తుంది. దాని అసలు జబ్బు వేరు. ఫిల్మ్ తిప్పే లోపలి యంత్రాంగంలోని చిన్న రబ్బరు ముక్క కాలక్రమేణా కరిగి రాలిపోతుంది. దాంతో ఎక్స్‌పోజర్ లెక్క తప్పుతుంది. లివర్ తిప్పేటప్పుడు లోపల ‘టక్’మనే మెత్తని శబ్దం వినిపిస్తే ఆ ముక్క ఉన్నట్టు, వినిపించకపోతే పోయినట్టు భావించవచ్చు.

పరీక్షల్లో ముఖ్యమైనది రేంజ్‌ఫైండర్. వ్యూఫైండర్‌లోంచి కిలోమీటరు అవతలి టవరునో, గుడి గోపురాన్నో చూస్తూ లెన్స్‌ను అనంతం దగ్గరకు తిప్పితే, నడుమ కనిపించే రెండు బొమ్మలూ ఒకటిగా కలిసిపోవాలి. అడ్డంగా కలిసి నిలువుగా ఎత్తుపల్లాలుగా ఉన్నా సవరించవచ్చు. ఆ నడిమి మచ్చ వెలిసిపోయి అసలే కనిపించకపోతే వదిలేయండి, ముఖ్యంగా మీరు కళ్ళద్దాలు పెట్టుకునేవారైతే. తర్వాత వెనుక మూత తెరిచి, ఫిల్మ్ ఉండే చోట మ్యాట్ టేపు ముక్క అతికించి, షట్టరును బి (నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే అమరిక) మీద తెరిచి ఉంచి, ఒక మీటరు దూరంలోని అక్షరాల మీద ఫోకస్ చేసి చూడండి. టేపు మీద పడే అక్షరాలు స్పష్టంగా ఉన్నాయంటే దగ్గరి ఫోకస్ కూడా సరిగ్గా ఉన్నట్టే. జంట లెన్స్ కెమెరాలకూ ఇదే పరీక్ష, పైలెన్స్‌లో కనిపించినదీ కింది లెన్స్ వేసినదీ సరిపోలాలి. యాషికా మ్యాట్ వంటి 120 కెమెరా కొంటుంటే, పాత రోలు ఒకటి వేసి చివరిదాకా తిప్పి, బొమ్మల మధ్య ఎడం సమంగా వస్తోందో లేదో కూడా చూడాలి. ఎడం తప్పితే ఒక బొమ్మ మీద మరొకటి ఎక్కుతుంది.

మూత అంచులలోని నురగ పట్టీలు జిగురులా మారి ఉంటాయి. అది పెద్ద లోపం కాదు, కొత్తవి అతికించుకోవచ్చు. షట్టరు రేకుల మీద నూనె మరక ఉంటే మాత్రం బాగుచేయించే ఖర్చును బేరంలో కలుపుకోండి. మోడల్ పేరు ఎంత గొప్పదైనా, మీ చేతిలో ఉన్న ఆ ఒక్క కెమెరా ఇన్నేళ్ళు ఎలా గడిపిందన్నదే దాని విలువను నిర్ణయిస్తుంది. బాగుచేసి, ఏం చేశారో రాసి ఇచ్చే దుకాణం ఉంటే కొంచెం ఎక్కువ ఇచ్చి అక్కడే కొనడం మంచిది.

ప్రశ్న: సముద్రానికి దగ్గరగా ఉంటాము. ఇంట్లో ఉన్న రెండు లెన్సులకు బూజు పట్టింది. ఇలాంటి చోట మీడియం ఫార్మాట్ కెమెరా మేలా, చిన్నది మేలా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బూజు కొలత చూసి రాదు. గాలిలో తేమ ఎక్కువగా, చీకటిగా, కదలిక లేకుండా ఉన్న చోట ఏ లెన్స్‌కైనా పడుతుంది. అందరూ చేసే పొరపాటు కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం. తోలు తేమను పీల్చి, బూజుకు ఆహారమవుతుంది. గాలి చొరబడని పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ చూపే చిన్న మీటరు ఒకటి లోపల పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. రంగు మారిన సిలికా జెల్‌ను వేడిచేసి ఆరబెడితే మళ్ళీ పనికివస్తుంది. మరీ ఆరిపోయినా మంచిది కాదు, లోపలి కందెనలు గట్టిపడతాయి. ఈ లెక్కన చిన్న రేంజ్‌ఫైండర్‌కు ఒక వంటింటి డబ్బా చాలు, ఆర్‌బీ67 వంటిదానికి లెన్సులూ, ఫిల్మ్ పట్టే వెనుక పెట్టెలూ కలిపితే ఎలక్ట్రిక్ డ్రై క్యాబినెట్ కొనవలసి వస్తుంది. మీకున్న ఏర్పాటును బట్టి నిర్ణయించుకోండి.

బూజు పట్టిన రెండు లెన్సులనూ మిగతావాటితో కలిపి ఉంచకుండా వేరే డబ్బాలో పెట్టి, త్వరగా శుభ్రం చేయించండి. ఆలస్యమయ్యేకొద్దీ అది అద్దం మీది పూతను తినేస్తుంది, అప్పుడు తుడిచినా మచ్చ పోదు. ఫిల్మ్‌ను ఫ్రిజ్‌లో దాచుకుంటున్నట్టయితే, బయటికి తీసిన వెంటనే మూత తెరవకుండా 35 ఎంఎంకు కనీసం గంట, వీలైతే రెండు గంటలు గది వేడికి రానివ్వండి. 120 రోలు కాగితంతో చుట్టి ఉంటుంది కనుక దాని మీద నీరు పేరుకుంటే కాగితం ఫిల్మ్‌కు అంటుకుని మచ్చలు పడతాయి, అందుచేత పొట్లాన్ని వాడబోయేముందే చించండి.